నూటికి నూఱు

ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన మఱునాడే మన పట్టణముల కూడళ్లలో ఫ్లెక్సీలు లేచుచుండును. వానిపై పిల్లల ముఖములు, వారి మార్కులు, అన్నిటికంటె పెద్దయక్షరములతో "నూటికి నూఱు" అను మాట. పూర్వ మీ యార్భాటము ప్రైవేటు పాఠశాలల సొత్తు. ఇప్పుడు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలును, గురుకులములును, ఆదర్శ పాఠశాలలును గూడ నీ దారినే పట్టినవి. బిడ్డను ఆఱవ తరగతిలో జేర్పవలసిన తండ్రి యా యంకెను జూచి, ప్రక్క యూరి బడి యంకెతో బోల్చి, తూచితి ననుకొని యింటికి బోవుచున్నాడు. ఇది తప్పుడు తూనిక యని మా వాదము. తప్పుడు తూనిక మాత్రమే కాదు. మంచి బడులను జెఱచునట్టిది, బలహీనుడైన బిడ్డను బడినుండి వెడలగొట్టునట్టిది.

పోల్చవలదని మే మనుట లేదు. సంతలో వంకాయలు గొనువాడు సైతము కాయను త్రిప్పి, పుచ్చు లేదని చూచుకొని కాని బేరమాడడు. బిడ్డ యైదేండ్లు గడపవలసిన చోటును జూడక యెంచుకొమ్మని యెవరు చెప్పగలరు? మన చదువుకొన్న కుటుంబములలోని దోషము పోల్చుట కాదు, సగము పోల్చుట. ప్రైవేటు పాఠశాలలను గూర్చి యైనచో బస్సు రంగు మొదలుకొని భోజనశాల వఱకు పదిమందిని విచారింతురు. "సర్కారు బడి" యనగానే యన్నియు నొక్క ముద్ద యని తలతురు. అయిదు మైళ్ల యెడములో నున్న రెండు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలకు నక్కకును నాగలోకమునకును ఉన్నంత భేద ముండవచ్చునని వారికి దోచదు. ఒకదానిలో ప్రయోగశాల దినదినము తెఱచి యుండును. మఱియొకదానిలో దాని తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యెవరికిని దెలియదు. రెండింటను జీతములు నొక్కటే, పాఠ్యపుస్తకములు నొక్కటే. ఈ భేదమును గనిపెట్టుటయే తలిదండ్రుల పని. ఫ్లెక్సీమీది యంకె దానిని గనిపెట్టనీయదు.

ఆ యంకె యెట్లు పుట్టునో విచారింతము. ఒక యూరి బడిలో తొమ్మిదవ తరగతిలో 60 మంది బాలబాలిక లున్నా రనుకొందము. వారిలో లెక్కలు రానివారు కొందఱు. తల్లితో పత్తి చేలకు గూలికి బోయి తఱచుగా బడి మానువారు కొందఱు. ప్రధానోపాధ్యాయుడు వీరిలో గొందఱిని తొమ్మిదిలోనే నిలిపివేసెను. కొందఱి తండ్రులను బిలిపించి, "వీడు మా బడిలో గట్టెక్కడు, టీసీ తీసికొని పొండు" అని హితవు చెప్పెను. తుదకు పరీక్షకు గూర్చుండినవారు 40 మంది. నలువదిమందియు నుత్తీర్ణులైరి. నూటికి నూఱు! ఫ్లెక్సీ లేచినది. ప్రక్క యూరి బడిలోను తొమ్మిదవ తరగతిలో 60 మందియే. అచటి ప్రధానోపాధ్యాయురాలు మొండిమనిషి. ఎవరిని బంపివేయుటకు నొప్పుకొనదు. సాయంకాలములు వెనుకబడినవారిని గూర్చుండబెట్టి, 58 మందిని పరీక్షకు బంపినది. 50 మంది యుత్తీర్ణులైరి, 8 మంది తప్పిరి. నూటికి 86. పై యధికారులు సంజాయిషీ యడుగున దీమెను. సన్మానము చేయున దతనికి. లెక్క చదువరులే వేసికొనవచ్చును. అరువదిమంది బిడ్డలలో మొదటి బడి 40 మందిని దరిజేర్చినది, రెండవ బడి 50 మందిని. అయినను మన గృహస్థుడు బిడ్డ చేయి పట్టుకొని మొదటి బడికే నడచుచున్నాడు.

ఇది మే మూహించిన లెక్కయే; కాని యిట్టి జల్లెడ పట్టుటకు జట్టములో సందు గలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల పిల్లలకు, అనగా ఎనిమిదవ తరగతి వఱకు మాత్రమే వర్తించును. ఆ తరగతులలో నెవరిని నిలుపరాదనియు, బడినుండి తొలగింపరాదనియు నది శాసించెను. 2019లో వచ్చిన సవరణచేత 5, 8 తరగతులలో నిలుపుటకు మాత్రము రాష్ట్రములకు వీలు గలిగినది. తొమ్మిదవ తరగతి బిడ్డకు మొదటినుండియు నీ రక్షణము లేదు. కావున జల్లెడ యచటనే పట్టుదురు. "మావాడు తెలివిగలవాడు, వాని నెవరు వెడలగొట్టుదురు?" అని కొందఱు తలిదండ్రుల ధీమా. పదునాలుగేండ్ల బిడ్డ తెలివి బీరువాలో దాచిన బంగారము కాదు గదా! టైఫాయిడు వచ్చి రెండు మాసములు మంచము పట్టినను, ఇంటిలో నొకరు గతించినను, నేటి తెలివిగలవాడు రేపటి వెనుకబెంచీవాడు కావచ్చును. నాడు వానికి గావలసినది మొండి ప్రధానోపాధ్యాయురాలి బడియే.

ప్రవేశపరీక్ష పెట్టి చేర్చుకొను ప్రభుత్వ పాఠశాలల సంగతి వేఱు. పి. వి. నరసింహారావు గారి పూనికతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసినది; తాడికొండ, కొడిగెనహళ్లి మొదలగునవి దాని వెంట వచ్చినవి. 1986 జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు దేశమెల్ల వ్యాపించినవి. వానిలో నూటికి 75 సీట్లకు దక్కువ గాకుండ గ్రామసీమల పిల్లలకే కేటాయింపబడినవి. వీనివలన నెందఱు పేదల బిడ్డలు పైకి వచ్చిరో మే మెఱుగనివారము కాము. కాని వీని ఫలితమును ఊరి జిల్లాపరిషత్తు బడి ఫలితము ప్రక్కన బెట్టి, "చూచితిరా, అదియు ప్రభుత్వ పాఠశాలయే, ఇదియు ప్రభుత్వ పాఠశాలయే" యని వెక్కిరించుట న్యాయమా? ఒకడు తూర్పారబట్టి, చెఱిగి, గట్టిగింజలనే గాదెలో బోసికొనెను. ఇంకొకడు కళ్లమున మిగిలినదంతయు, తాలుతో సహా, ఎత్తుకొనవలసినవాడు. గాదెలలోని గింజల బరువును బట్టి వారి సేద్యమును బోల్చరాదు. ఊరి బడి యెవరు వచ్చినను గాదనరాదు. కాదనకుండుటయే దాని గౌరవము. దానిపైని ఊరిలో ముందుబెంచీ పిల్లలను గురుకులమును నవోదయయు నేరి తీసికొనిపోయిన పిమ్మట మిగిలిన తరగతికే యది పాఠము చెప్పవలసియున్నది. ప్రవేశపరీక్ష లేని కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయముల మాటయు నిట్టిదే. 2004లో నవి పుట్టినదే బడి మానిన బాలికలకొఱకు. వాని యంకెను నవోదయ యంకెతో బోల్చువానికి సిగ్గు చాలదు.

బడి తెచ్చిన గుణ మెంత, ఇంటినుండి వచ్చిన గుణ మెంత యని విడదీసి చూపిన గొప్ప పరీక్ష యొకటి మన తెలుగుసీమలోనే జరిగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను నర్థశాస్త్రజ్ఞులు 2008 మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5 జిల్లాలలోని 180 గ్రామములలో దీనిని నడిపిరి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలలో గోరినవారి పేర్ల చీట్లు తీసి, చీటి వచ్చినవారికి రుసు మిచ్చి ప్రైవేటు పాఠశాలలకు బంపిరి. మామూలుగా జూచినచో ప్రైవేటు పాఠశాల పిల్లలదే పైచేయిగా గనబడుచుండెను. కాని చీటి వచ్చి ప్రైవేటు బడికి బోయినవారిని, చీటి రాక ప్రభుత్వ బడిలోనే నిలిచినవారిని నాలుగేండ్ల పిదప బరీక్షింపగా, తెలుగులోను లెక్కలలోను భేదము గనబడలేదు. ప్రైవేటు పాఠశాలలు హిందీ చెప్పుచుండుటచే నందు మాత్రము వారు మెఱుగైరి. అనగా ఫ్లెక్సీపై మనము చూచి మురియు మార్కులలో జాలభాగము తల్లి చదువు, తండ్రి సంపాదన, ఇంటిలోని దీపము, పుస్తకము సంపాదించినవి. ఆ ప్రైవేటు పాఠశాలలు ప్రభుత్వ పాఠశాలల ఖర్చులో మూడవవంతుకంటె దక్కువతో నీ ఫలితము సాధించినవని గూడ నా పరిశోధకులే చూపిరి. మా వాదమున కది యనుకూలము గాకున్నను దాచి లాభము లేదు. ప్రభుత్వ పాఠశాలల వా రాలోచింపవలసిన సంగతి యది.

అంకెను బట్టి బడిని దూచు రోగము క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1862నుండి కొన్ని దశాబ్దములు పిల్లల పరీక్షాఫలితములను బట్టియే బడులకు ధనసహాయ మిచ్చుచుండిరి. ఇన్‌స్పెక్టరు వచ్చునాటికి పిల్లలు వాచకమును మొదటినుండి తుదివఱకు వల్లించి, పుస్తకము తలక్రిందుగా బట్టుకొనియు జదువగలవారైరని చెప్పుకొందురు. తానును బడుల ఇన్‌స్పెక్టరే యైన మాథ్యూ ఆర్నాల్డు కవి దీనిని గట్టిగా నిరసించెను. మన చెన్నపురి రాజధానిలోను ఫలితములను బట్టి గ్రాంటు లిచ్చు పద్ధతి చాలకాలము నడచినది. ఆ దేశముననే 1992నుండి బడుల ఫలితముల పట్టికలను బ్రకటింప సాగిరి. వేల్సువారు 2001లో నా పట్టికలను మానివేసిరి. మానివేసిన తరువాత నచటి బడులు ఇంగ్లండు బడులకంటె వెనుకబడెనని బ్రిస్టలు విశ్వవిద్యాలయపు బండితులు 2013లో జూపిరి. కావున అంకెలను దాచిపెట్టుటయు మందు కాదు. ఇంగ్లండువా రిప్పటికి దెలిసికొన్న దేమనగా, పదునొకండేండ్ల వయస్సున బిడ్డ యెచట నుండెనో, పదునాఱేండ్లకు నెచటికి వచ్చెనో, ఆ నడచిన దూరమును గొలువవలెనని. 2016నుండి వారి యున్నత పాఠశాలల కదియే ముఖ్యమైన కొలత యైనది. మన కట్టి కొలతను ప్రభుత్వ మింతవఱకు నీయలేదు. ఇచ్చువఱకు దలిదండ్రులే యెవరి మట్టునకు వారు కొలుచుకొనవలెను.

అది యంత కష్టమును గాదు. మన దేశమున బ్రతి పాఠశాలకును యూడైస్ అను పదునొకండంకెల సంఖ్య గలదు. ఆ సంఖ్యను బట్టి యా బడిలో నే తరగతిలో నెందఱు పిల్లలు, ఎందఱు ఉపాధ్యాయులు, ఎన్ని గదులు, ఎన్ని మరుగుదొడ్లు గలవో యెవరైనను జూడవచ్చును. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సంఖ్యల నొకదాని ప్రక్క నొకటి పెట్టి, రెండు మూడేండ్లవి చూచినచో, ఎచట బిడ్డలు జాఱిపోవుచున్నారో తెలియును. తొమ్మిదిలో నుబ్బి పదిలో సన్నగిల్లిన బడిని, ఫ్లెక్సీ యెంత పెద్దదైనను, అనుమానింపవలసినదే. తరువాత జూడవలసినది లెక్కల యుపాధ్యాయుని. ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులకు 35 మంది పిల్లల కొక యుపాధ్యాయు డుండవలెననియు, సైన్సు లెక్కల కొకరు, సాంఘికశాస్త్రమున కొకరు, భాషల కొకరు తక్కువ గాకుండ నుండవలెననియు, ఏడాదికి 220 పనిదినములు నడువవలెననియు విద్యాహక్కు చట్టపు షెడ్యూలు చెప్పుచున్నది. జనాభా లెక్కలు, ఎన్నికలు, ఉపద్రవములలో సహాయము తప్ప వేఱు పనులకు నుపాధ్యాయులను బంపరాదనియు నా చట్టమే చెప్పుచున్నది. కాగితముమీద నుపాధ్యాయు డుండుట వేఱు, నల్లబల్లయొద్ద నుండుట వేఱు. పరీక్షల ముందు ప్రతి బడియు బడివలెనే కనబడును. జూలైలోనో ఆగస్టులోనో యొక మామూలు దినమున, మధ్యాహ్నభోజన మైన పిమ్మట బోయి చూడవలెను. తొమ్మిదవ తరగతిలో వెనుకబెంచీ పిల్లవాని నోటుపుస్తక మడిగి పుచ్చుకొని చూడవలెను. మొదటి బెంచీ నోటుపుస్తకము పిల్లవాని యింటిని జూపును. వెనుకబెంచీది బడిని జూపును. దానిలో నెఱ్ఱసిరా యున్నదా? తప్పు దిద్దినచో దిద్దినది మరల వ్రాయించిరా? ఈ రెండు ప్రశ్నలు వందమంది ఉత్తీర్ణుల ఫోటోలకంటె నెక్కువ చెప్పును.

మాధ్యమమును గూర్చి యొక్క మాట. ఇంగ్లీషు మీడియ మని బోర్డుమీద వ్రాయుటకు పెయింటరు చాలును. చెప్పుటకు బండితుడు కావలెను. ఏ మాధ్యమమైనను, సైన్సు పాఠములో నొక పుట చదివించి, దాని భావమును ఇంటి తెలుగులో జెప్పుమని బిడ్డ నడిగినచో, బడి లోతు తేలిపోవును. ఈ వివాదమును గోర్టులకు వదలివేసి ముందునకు బోవుదము.

మేము నిజముగ గోపముతో వ్రాయదలచిన దిది. పైని చెప్పిన తూనిక మంచిదో చెడ్డదో, కొడుకు విషయమున నేదో యొక తూనిక గలదు. కూతురి విషయమున దూనికయే లేదు. కొడుకున కేది మంచి బడి యని యడుగుదురు. కూతున కేది దగ్గఱ బడి యని యడుగుదురు. కొడుకును అప్పు చేసి పట్టణపు హాస్టలులో బెట్టి, కూతురిని ఊరిలోని ప్రభుత్వ పాఠశాలకు బంపి, "ప్రభుత్వ విద్యపై మాకు గౌరవము గలదు" అని సభలలో బలుకు పెద్దమనుష్యులను మేము చూచియున్నాము. గ్రామసీమలలో బాలురకంటె బాలికలే హెచ్చుపాలు ప్రభుత్వ పాఠశాలలలో నుందురని అసర్ సర్వేలు పలుమాఱు చూపినవి. ప్రభుత్వ పాఠశాలలో జదువుట తక్కువ యని మే మనము. తక్కువ యని మీరు నమ్ముచు, ఆ తక్కువకు గూతురిని మాత్రమే యొప్పగించుట యెట్టి న్యాయము? 1892లో బ్రదర్శింపబడి 1897లో నచ్చుపడిన కన్యాశుల్కములో అగ్నిహోత్రావధానులు వేంకటేశము ఇంగ్లీషు చదువునకు సొమ్ము పోయుచు, చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానుల కమ్మజూచెను. కూతుళ్ల నమ్ముట పోయినది. ఇంటి లెక్కపుస్తకములో కొడుకు పద్దు కూతురి పద్దు వేఱుగా వ్రాయుట పోలేదు. వీరేశలింగము గారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874లో. నూటయేబది యేండ్లు దాటిన పిమ్మటను, బాలిక బడికి బోవునా యను ప్రశ్న తీఱి, ఏ బడికి బోవును అను ప్రశ్నలో మన మింకను జిక్కుకొని యున్నాము. ఇంతకును ఇటీవలి యేండ్లలో రెండు తెలుగు రాష్ట్రములందును బదవ తరగతి యుత్తీర్ణతలో ముందున్నది బాలికలే!

"ఆడపిల్ల, దూరము పంపలేము" అను మాటను మేము త్రోసిపుచ్చము. దారి భయము వట్టి మాట కాదు. కాని భయ మున్నచోట దారిని బాగుచేసికొనవలెను గాని బిడ్డను గూర్చుండబెట్టరాదు. తెలంగాణలో 2023 డిసెంబరున, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో నుచితప్రయాణము మొదలైనది. చార్జీల సాకు తొలగినది. సాయంకాలము నాలుగున్నరకు బస్సు వచ్చునా యను ప్రశ్న మిగిలినది. ఆ బస్సుకొఱకు డిపో మేనేజరునకు నర్జీ వ్రాసిన తండ్రు లెందఱు? మఱియు బాలికకొఱకు బడిని జూడబోయినవారు మరుగుదొడ్డి తలుపు తీసి చూడవలెను. నీళ్లు వచ్చుచున్నవా, గడియ పడునా? ఈ మాట వ్రాయుట సాహిత్యపత్రికకు దగదని యెవరైన దలచినచో తలచుకొననిండు. గడియ లేని తలుపు కారణముగా నెల కైదు దినములు బడి మాను బాలిక యేడాదికెన్ని పాఠములు పోగొట్టుకొనునో వారే లెక్కింపవచ్చును.

ఇక మా స్నేహితుల యాక్షేపణ యొకటి గలదు. "సంస్కరణ సరే, మా బిడ్డను దానికి బలి యిమ్మందురా?" అని. ఇమ్మనము. చూచి, విచారించి, మంచిదని తోచిన బడిలోనే చేర్పుడు. అది ప్రైవేటు దైనను మాకు గోపము లేదు. కాని విచారింపకయే పాఱిపోయి, ఆ పరుగునకు విచారణ యని పేరు పెట్టుకొనుటపైననే మా కోపము. చదువుకొన్న గృహస్థుడు ఊరి బడిని విడిచిపోయినపుడు వాని బిడ్డ యొక్కడే పోడు. అర్జీ వ్రాయగల చేయియు, అధికారి ముందు కుర్చీలో గూర్చుండి యడుగగల గొంతుకయు వాని వెంటనే పోవును. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడుపాళ్లకు దక్కువ గాకుండ తలిదండ్రులే యుండవలెనని, సభ్యులలో సగము స్త్రీలు కావలెనని చట్టము చెప్పుచున్నది. ఉన్నత పాఠశాలలకును సంఘములు గలవు. ఆ సభలు జరుగు దినమున గూలి మానుకొని వచ్చిన తల్లులు వెనుక గోడ నానుకొని కూర్చుందురు. తీర్మానములపై వ్రేలిముద్రయో సంతకమో పెట్టి పోవుదురు. లెక్కల యుపాధ్యాయుని పదవి రెండేండ్లుగా ఖాళీగా నున్నదని వారికి దెలియును. ఎవరి నడుగవలెనో తెలియదు. తెలిసినవారి బిడ్డలు పసుపుపచ్చ బస్సులో బట్టణమునకు బోయియున్నారు.

ఉన్నవారైనను, చేర్పబోవువారైనను, జూన్ 12వ తేదిని బడులు తెఱచులోపల ప్రధానోపాధ్యాయుని గదికి బోయి రెండంకె లడుగవలెనని మా కోరిక. ఇప్పటి పదవ తరగతివారు ఆఱవ తరగతిలో జేరిననాడు ఎందఱు, వారిలో బరీక్షకు గూర్చుండినవా రెందఱు? టీసీ తీసికొన్నవారు వేఱు బడిలో జేరిరో, కిరాణాకొట్టులో జేరిరో కూడ నడుగుట మంచిది. ఈ రెండంకెలను "నూటికి నూఱు" క్రింద దానంతట దాను వ్రాయించిన బడి యింతవఱకు మా కంట బడలేదు. పడిననాడు దాని యుత్తీర్ణత నూటికి 70 యైనను సరే, ఆ యూరి పేరును, బడి పేరును ఈ పత్రిక మొదటి పుటలో బెద్దయక్షరములతో బ్రకటింతుము, పంపుడు.